చైర్మన్ గారి మధుర గంభీర స్వరం

ఇకమీదట రాష్ట్రంలో చూపులేని ఏ ఒక్కరికీ అనాథ యంత్రం గొంతు వినాల్సిన దుస్థితి ఉండబోదని శ్రవణ సాంకేతిక సంక్షేమ సంస్థ చైర్మన్ పోశెట్టి గారు బాన్సువాడలోని ఒక ఫంక్షన్ హాలులో ప్రకటించారు. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఇంతకాలం తల్లీతండ్రీ లేని గొంతులు మాట్లాడాయని, ఇక హృదయమున్న ఒకే ఒక్క గొంతు మాట్లాడుతుందని, ఈ పథకానికి 'స్వరదీపం' అని పేరు పెట్టామని ఆయన చెప్పారు. హాలులో ఉన్న నూటపన్నెండు మంది చూపులేనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఎప్పుడు కొట్టాలో పక్కన నిలబడిన కార్యకర్తలు భుజం తట్టి చెప్పారు.

మూడో వరుస చివర్లో కూర్చున్న శ్రీలత మాత్రం కొట్టలేదు. నూటపన్నెండు అభిప్రాయ సేకరణ పత్రాలు ఆమె ఒళ్లో ఉన్నాయి.

శ్రీలత ఆ సంస్థలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. ఇరవై తొమ్మిదేళ్లు, పుట్టుకతోనే చూపు లేదు, డిగ్రీ ఫస్ట్ క్లాసు. వచ్చిన ఫిర్యాదుల్ని కంప్యూటర్లో నమోదు చేయడం ఆమె పని. అసలు హైదరాబాద్‌లో ఉండాల్సిన సంస్థ ప్రధాన కార్యాలయాన్ని బాన్సువాడకు తెచ్చిన ఘనత పోశెట్టి గారిదే. మారుమూల ప్రాంతాల అభివృద్ధి పట్ల ఆయనకున్న పట్టుదల అలాంటిది. పైగా ఆయన బావమరిది కట్టిన బిల్డింగులో పై అంతస్తు రెండేళ్లుగా ఖాళీగా ఉంది. కింద ట్రాక్టర్ల విడిభాగాలు, పైన సంక్షేమం.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతుల్లో శ్రీలత వాడేది చాలా పాతది. అందులో మనిషి ఆనవాలు ఉండదు. రేకు మీద వాన పడుతున్నట్టు టకటకా చదువుతుంది. అందుకే ఆమె దానికి 'రేకు' అని పేరు పెట్టుకుంది. దాన్ని మామూలు కన్నా మూడింతల వేగంతో వినేది. పక్కన కూర్చున్నవాళ్లకు అది కంప్యూటర్ పాడైన చప్పుడు. ఆమెకు మాత్రం ప్రతి అక్షరం విడివిడిగా, బియ్యంలో రాయి తగిలినట్టు తెలిసేది. రోజుకు అరవై ఫిర్యాదులు ఎక్కించి, నాలుగున్నరకల్లా బ్యాగు సర్దుకునేది.

ఆమెకు ఇద్దరు స్నేహితులు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్మే రషీద్, బిచ్కుంద వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన గౌరీబాయి. ఇద్దరికీ చూపు లేదు. ఆదివారం సాయంత్రాలు రషీద్ దుకాణం ముందు చాయ్ తాగుతూ ముగ్గురూ గొంతుల మీద కొట్లాడుకునేవాళ్లు.

"నీ రేకు ఇంటే నాకు తలకాయ నొస్తది చెల్లె," అనేవాడు రషీద్. ఆయన ఫోన్‌లో ఉండేది ఒక ఆడ గొంతు. ఆయన దాన్ని 'మేడం' అనేవాడు. "మా మేడం సూడు, ఎంత తమీజ్‌తోని, మర్యాదగ చెప్తది. బ్యాటరీ అయిపోయిందన్నా గూడ మనకే పాపం అనిపిస్తది."

"మీ మేడం వేగం పెంచితే అక్షరాలు మింగుతది, భాయ్. ఒక్క పేజీ చదివేటాళ్లకు నాకు నిద్రొస్తది."

"నాకు మాత్రం మా వార్తలాయనే మంచిగుంటడు, బిడ్డా," అనేది గౌరీబాయి. ఆమె ఫోన్‌లో నిదానంగా చదివే ఒక మగ గొంతు ఉండేది. దానికి మరాఠీ కూడా వచ్చు. "ఇంట్ల ఎవరో పెద్దమనిషి కూసున్నట్టు ఉంటది."

ముగ్గురిలో ఒక్కరు కూడా ఒక్క వారం కూడా మెట్టు దిగలేదు. అయినా వచ్చే ఆదివారం మళ్లీ కలిసేవాళ్లు.

ఇప్పుడు ఆ మూడు గొంతులూ పోయి ఒకటి వస్తుంది. అది ఎలాంటిదో ప్రజలే తేల్చాలని చైర్మన్ గారి ఆదేశం. అందుకే అభిప్రాయ పత్రాలు అచ్చు వేయించారు. వాటిలో మూడు గళ్లు. మధురమైన గొంతు, గంభీరమైన గొంతు, మధుర గంభీరమైన గొంతు. పత్రాలు కాగితం మీద ఉండటంతో చూపులేనివాళ్లకు ఇబ్బంది కలగకుండా కార్యకర్తలే అందరి తరఫున టిక్కు పెట్టారు. నూటపన్నెండు మందీ మధుర గంభీరాన్నే కోరుకున్నట్టు తేలింది. ఇంతటి ఏకాభిప్రాయం తన ముప్పై ఏళ్ల రాజకీయ జీవితంలో చూడలేదని చైర్మన్ గారు అన్నారు.

గొంతు ఎంపికకు ఐదుగురితో కమిటీ వేశారు. ఒక రైస్‌మిల్లు యజమాని, ఒక రిటైర్డ్ లెక్చరర్, పెళ్లిళ్లలో మైకు పట్టుకునే ఒకాయన, ఇద్దరు కార్యకర్తలు. అందరికీ చూపుంది. చూపులేనివాళ్లను వేస్తే ఎవరి ఇష్టం వాళ్లకుంటుంది కాబట్టి నిష్పాక్షికత దెబ్బతింటుందని చైర్మన్ గారి పీఏ కృష్ణ వివరించాడు.

కమిటీ ముప్పై నాలుగు గొంతులు విన్నది. ఒకటి వర్ని వైపు యాసలా ఉందని, ఒకటి మరీ నస్రుల్లాబాద్‌లా ఉందని, ఒకటి ప్రతిపక్షంలా ఉందని పక్కన పెట్టింది. చివరికి రైస్‌మిల్లు యజమాని లేచి, "ఊరంత దేవులాడుతున్నం గని, ఎదురుంగ కూసున్న గొంతును మరుస్తున్నం," అన్నాడు. అందరూ చైర్మన్ గారి వైపు తిరిగారు. ఆయన వద్దన్నారు. మళ్లీ అడిగారు. మళ్లీ వద్దన్నారు. చాయ్ వచ్చింది. చాయ్ తర్వాత ప్రజాభీష్టానికి తలవంచారు.

రికార్డింగుకు హైదరాబాద్ నుంచి పల్లవి అనే ఇంజనీరు వచ్చింది. చిన్న చిన్న వాక్యాలు పదివేలు, ఏ భావమూ లేకుండా చదివితే చాలన్నది. మొదటి వాక్యం 'బ్యాటరీ పది శాతం ఉంది'. చైర్మన్ గారు గొంతు సవరించుకుని, "మిత్రులారా, ఈ బ్యాటరీని ఈ దుస్థితికి తెచ్చిందెవరు?" అని మొదలుపెట్టారు. పదకొండు రోజులు గడిచినా రెండో వాక్యానికి రాలేదు. పల్లవి ఆలోచించి, ఆయన ఇరవై ఏళ్ల ఉపన్యాసాల క్యాసెట్లు, సీడీలు, వీడియోలు అన్నీ తీసుకెళ్లి యంత్రానికి వినిపించింది. రెండు నెలలకు తిరిగి వచ్చింది.

"సార్, ఇది మీ గొంతునే కాదు, మీ శైలిని కూడా నేర్చుకుంది," అని కొంచెం భయంగా చెప్పింది.

"శైలి లేకుంటే గొంతుకు విలువేముందమ్మా," అన్నారు చైర్మన్ గారు.

ప్రారంభోత్సవం అదే ఫంక్షన్ హాలులో జరిగింది. మైకులో కొత్త గొంతు 'గౌరవనీయులైన పెద్దలారా' అనగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ తర్వాత అది ఏమన్నదో ఎవరికీ వినిపించలేదు. సౌండు బాక్సులన్నీ జనం వైపు తిప్పి ఉండటంతో వేదిక మీదున్న చైర్మన్ గారికి అసలే వినిపించలేదు. అచ్చం మీ గొంతే అని అందరూ చెప్పారు. ఆయన నమ్మారు. మరుసటి రోజు సర్క్యులర్ వచ్చింది. సంస్థ ఇచ్చిన ఫోన్లలో, కంప్యూటర్లలో, సంస్థ సిబ్బంది ముట్టుకున్న ఏ పరికరంలోనైనా ఆ గొంతు తప్ప ఇంకొకటి ఉండరాదు.

మొదటి దెబ్బ రషీద్‌కు తగిలింది. ఆయనకు ఫోన్ వస్తే, ఎవరు పిలుస్తున్నారో మేడం ఒక్క మాటలో చెప్పేది. కొత్త గొంతు, "ఈరోజు మనల్ని ఒకరు గుర్తు చేసుకున్నారంటే, అది మనందరి విజయం," అని మొదలుపెట్టి పేరు దాకా వచ్చేసరికి అవతలివాళ్లు పెట్టేసేవారు.

గౌరీబాయి బస్టాండులో కూర్చుని బిచ్కుంద బస్సు పోయిందా లేదా అని అడిగింది. "బస్సు విషయంలో ఎవరూ ఆందోళన చెందాల్సిన అవసరం లేదు, త్వరలోనే ప్రతి పల్లెకూ బస్సు," అన్నది ఫోను. ఆమె ఆందోళన చెందకుండా రెండు గంటలు కూర్చుంది. బస్సు ఆమె అడగకముందే పోయింది.

ఆఫీసులో శ్రీలత పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తప్పు కొట్టింది. "పాస్‌వర్డ్ తప్పని కొన్ని శక్తులు ప్రచారం చేస్తున్నాయి," అన్నది కంప్యూటరు. "ప్రజలు వాస్తవాలు గమనిస్తున్నారు." ఏ అక్షరం తప్పో మాత్రం చెప్పలేదు. ఒక్కో ఫిర్యాదు చదవడానికి గంటంబావు పట్టేది, అది కూడా సగంలో ఆపేస్తే. రోజుకు అరవై చేసే మనిషి నాలుగు దగ్గర ఆగిపోయింది.

ఆ నెలాఖరున చైర్మన్ గారు విలేకర్ల సమావేశం పెట్టారు. స్వరదీపం వచ్చాక రోజుకు అరవైగా ఉన్న ఫిర్యాదులు నాలుగుకు పడిపోయాయని, దేశంలో ఏ సంస్థా ఇంత తక్కువ సమయంలో ప్రజల కష్టాల్ని ఇంతగా తగ్గించలేదని గణాంకాలతో సహా చెప్పారు. అదే రోజు సాయంత్రం పీఏ కృష్ణ శ్రీలతకు మెమో ఇచ్చాడు. రోజుకు నాలుగు ఫిర్యాదులు మాత్రమే నమోదు చేయడం విధుల్లో తీవ్ర నిర్లక్ష్యమని, పద్ధతి మార్చుకోకపోతే వచ్చే నెల కాంట్రాక్టు పొడిగించబోమని అందులో ఉంది. కొత్త గొంతు ఆమెకు ఆ మెమోను ఒక శుభవార్తగా చదివి వినిపించింది. విషయం ఏమిటో కృష్ణనే అడిగి తెలుసుకుంది.

మెమో వచ్చిన మూడో రోజు ఆమె ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, దొంగతనంగా రేకును తెరిచింది. గంటలో ఇరవై ఫిర్యాదులు అయ్యాయి. కృష్ణ వెనకనుంచి వచ్చి ఇయర్‌ఫోన్ లాగేశాడు.

"ఏందక్కా ఇది? సార్ గొంతు ఉండంగ గీ డబ్బా గొంతెందుకు?"

"పని గావాలె గద, తమ్మీ."

"పనిదేముంది, రేపు జేస్కోవచ్చు. సర్క్యులర్ ముఖ్యం."

శ్రీలత, రషీద్, గౌరీబాయి కలిసి ఒక దరఖాస్తు రాయించారు. నలభై మూడు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. శ్రీలత దాన్ని పట్టుకుని చైర్మన్ గారి గదికి వెళ్లింది. ఆయన ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టారు.

"నా గొంతుల తప్పేంది తల్లీ?"

"తప్పేం లేదు సార్. ఒక్కొక్కలకు ఒక్కో గొంతు ఇష్టం. మాకు ఆ గొంతే కన్ను గద. మీ చాయ్‌ల చక్కెర ఎంత ఎయ్యాల్నో మీరే చెప్తరు. గట్లనే."

"నాకు షుగర్ ఉంది బిడ్డా. నేను చెప్తలేను, డాక్టర్ చెప్తుండు." ఆయన నవ్వారు. "అలవాటైతది. మొదట్ల మా ఇంటామె గూడ నా మాట ఇనకపోతుండె. ఇప్పుడు ఇంటలేదా."

దరఖాస్తును ఆయన స్వయంగా అందుకుని నమోదు చేయించమని ఆదేశించారు. నమోదు చేయాల్సింది శ్రీలతే. వరుసలో అది రెండువేల తొమ్మిదోది. రోజుకు నాలుగు చొప్పున ఏడాదిన్నరలో దాని వంతు వస్తుంది. అప్పటికి తను ఆ కుర్చీలో ఉండదని ఆమెకు తెలుసు.

రెండు వారాలకు చైర్మన్ గారికి కళ్ల ఆపరేషన్ అయింది. రెండు కళ్లకూ ఒక వారం తేడాతో చేశారు. ఒకదానికి కట్టు, ఇంకొకదానికి చుక్కల మందు, అంతా మసక. పది రోజులు ఫోన్ తెర వైపు చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మరుసటి మధ్యాహ్నం ఇంటి నుంచి శ్రీలతకు కబురొచ్చింది. కారు పంపించారు.

ఆమె వెళ్లేసరికి చైర్మన్ గారు మంచం మీద కూర్చుని, టింగుటింగుమంటున్న ఫోన్‌ను రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుని ఉన్నారు. కృష్ణను మందుల దుకాణానికి పంపించేశారు.

"తలుపు పెట్టి రా బిడ్డా." ఆయన గొంతు తగ్గించారు. "నాకు కొన్ని మెసేజులు వస్తున్నయి. పెద్ద విషయం. పార్టీ సంగతి. ఆ పార్టీది గాదు, ఈ పార్టీది గాదు, మధ్యల సంగతి. కృష్ణగానితోని సదివించలేను. ఇంటామెతోని సదివించిననుకో, చాయ్ మరిగేటాళ్లకు మా బావమరిదికి తెలుస్తది."

"నన్నెందుకు పిలిచిన్రు సార్?"

"నీకైతే ఫికర్ లేదు. నువ్వు సూడవు గద."

ఆయన దూరదృష్టి అలాంటిది. శ్రీలతకు చెవులున్న సంగతి పట్టించుకునేంత చిన్న మనిషి కాదు. ఆమె ఫోన్ అందుకుని, తెర చదివే ఏర్పాటు తెరిచింది.

"ఏ గొంతు పెట్టాలె సార్?"

"ఏదో ఒకటి పెట్టు, జల్ది."

సర్క్యులర్ ప్రకారం పెట్టదగ్గది ఒక్కటే. ఆమె అదే పెట్టి, మొదటి మెసేజ్ నొక్కింది.

"గౌరవనీయులైన పెద్దలారా, అక్కచెల్లెళ్లారా," అన్నది ఫోను. "ఈరోజు మనకు ఒక సందేశం అందింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం కాదు. ఇది రావడం వెనక ఎందరి త్యాగం ఉందో ఆలోచించాలి."

చైర్మన్ గారు తల ఊపారు. ఫోను రైతుల దగ్గరికి వెళ్లింది. అక్కడినుంచి యువత దగ్గరికి వెళ్లింది. కాలువ నీళ్ల ప్రస్తావన తెచ్చింది. పది నిమిషాలయ్యాక ఆయన దిండు సర్దుకున్నారు. ఇరవై నిమిషాలయ్యాక కట్టు కింద గోక్కున్నారు.

"సందేశంలోని సమయం గురించి కొందరు అనవసర రాద్ధాంతం చేస్తున్నారు," అన్నది ఫోను. "సమయం మన చేతుల్లోనే ఉంది."

"ఎవడమ్మా వీడు?" అన్నారు చైర్మన్ గారు.

శ్రీలత వేళ్లు ఫోన్ మీద ఆగిపోయాయి. ఆయన ఎగతాళి చేస్తున్నారేమో అనుకుంది. ఊపిరి విన్నది. మనిషి నిజంగానే మండిపోతున్నాడు.

"ఫోన్ల గొంతు సార్."

"అరగంట సంది మాట్లాడుతనే ఉన్నడు, ఒక్క ముక్క చెప్తలేడు. ఫోన్ కంపెనోళ్లు గిసొంటి గొంతు పెట్టి అమ్ముతున్నరా? అందుకేనమ్మా నేను ముందుగాల్నే అన్న, గీ అనాథ గొంతులు మనకు వద్దని." ఆయన చెయ్యి విదిల్చారు. "వీని తీసెయ్. నా గొంతు పెట్టు. నా గొంతైతే సూటిగ చెప్తది."

నిజం ఒక్క వాక్యం. చెప్తే ఉద్యోగం ఈ రోజే పోవచ్చు. చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. ఆమె రెండు నిమిషాలు ఫోన్‌తో తంటాలు పడింది. తర్వాత రేకును పెట్టి, ఆయనకు అందేలా వేగం బాగా తగ్గించి, అదే మెసేజ్ నొక్కింది.

"మూడు గంటల లోపు ఫోన్ చేయండి. లేకపోతే ఆ సీటు వేరే వాళ్లకి," అన్నది రేకు. నాలుగు సెకన్లు పట్టింది.

చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు ఆమెకు కనపడలేదు గాని, మంచం కిర్రుమనడం వినిపించింది.

"గిదీ. గిదీ నా గొంతంటే. విన్నవా ఎట్ల చెప్పిందో? రెండు ముక్కలు. నేను ఎన్నడైనా గింతే." అని, అప్పుడు మాట అర్థమై, "టైమెంతైంది?" అన్నారు.

శ్రీలత ఫోన్‌లో గడియారం నొక్కింది. "మూడు గంటల పదిహేను నిమిషాలు," అన్నది రేకు.

ఆయన వెంటనే ఆ నంబరుకు చేయించారు. అవతల ఎవరో రెండు మాటలు చెప్పి పెట్టేశారు. చైర్మన్ గారు దిండును పక్కకు తోసేశారు. తర్వాత, పదవుల కోసం పార్టీ మారే మనిషిని తాను కాదని, ఆ సంగతి రేపు విలేకర్లకు చెప్పాలని ఒక నిర్ణయానికి వచ్చారు. ఇక మిగిలింది కోపం.

"గా మొదటోడు అరగంట తినకుంటే నాకు గీ గతి రాకపోవు. సర్క్యులర్ రాయి బిడ్డా. ఇప్పుడే. వాని గొంతు రాష్ట్రంల ఎక్కడ గూడ ఇనపడొద్దు. నా గొంతు ఒక్కటే ఉండాలె. గిప్పుడు మాట్లాడింది సూడు, గదే. అందరికి గదే."

శ్రీలత వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచింది. ఉద్యోగం నిలబడింది. రేకు గెలిచింది. ఒక్క వాక్యం టైపు చేస్తే చాలు, రేపటినుంచి రోజుకు అరవై. కాని రషీద్ తలనొప్పి గుర్తొచ్చింది. బస్టాండులో ఒక్కతే కూర్చున్న గౌరీబాయి గుర్తొచ్చింది.

"సార్, మీ గొంతులు మూడున్నయి. మూడూ రాయాల్నా?"

"మూడున్నయా?"

ఆమె ఫోన్‌లో రషీద్ మేడంను పలికించింది.

"గిది ఆడామె గొంతు గదనే?"

"మహిళలను ముందుకు తేవాలని మీరే ఇచ్చిన్రు సార్."

చైర్మన్ గారు కాసేపు ఆలోచించారు. "అవును. మంచిగనే ఇచ్చిన."

గౌరీబాయి వార్తలాయన మరాఠీలో రెండు వాక్యాలు చదివాడు. సరిహద్దు ఊళ్ల ఓటర్ల కోసం తాను ఎప్పుడో మరాఠీ నేర్చుకున్నట్టు చైర్మన్ గారికి లీలగా గుర్తొచ్చింది.

"గిది గూడ నేనే. మూడూ రాయి. ఇంకేమన్న గొంతులు బయటపడ్డా నావే అని రాయి. ఎవలకు ఏది ఇష్టముంటే గది పెట్టుకుంటరు. నాకు ప్రజల ఇష్టమే ముఖ్యం."

శ్రీలత టకటకా కొట్టింది. చివరి పేరా దగ్గర ఆగింది.

"నిషేధించిన గొంతు ఎవరిదని రాయాలె సార్? ఇక్కడ పేరు ఉండాలె."

"వాని పేరు నాకేమెరుక. గుర్తు తెల్వని వ్యక్తి అని రాయి."

రాసింది. కృష్ణ మందులతో తిరిగొచ్చాక ప్రింటు తీయించారు. సంతకం ఎక్కడ పెట్టాలో చైర్మన్ గారికి కనపడలేదు. శ్రీలత ఆయన వేలు పట్టుకుని, కాగితం అడుగు అంచు మీదుగా తీసుకెళ్లి, చోటు చూపించింది. ఆయన సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టబోయి ఆగారు.

"ఇంకో మాట కలుపు బిడ్డా. గసొంటోనికి ఎవలు గూడ మైకు ఇయ్యొద్దని."

"అది కూడా సర్క్యులర్లనేనా సార్?"

"సర్క్యులర్లనే."

ఆమె ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచింది. కృష్ణ ఇంకో కాగితం తీసి ప్రింటరులో పెట్టాడు.